గొంబాహున్‌లో రోకటి చప్పుడు

చీకటి పడ్డాక గొంబాహున్ ఊరి వైపు ఎవరూ వెళ్ళేవారు కాదు. ఎవరూ అంటే ఎవరూ! తిరుగుబాటోళ్ళు వెళ్ళరు, ప్రభుత్వ సిపాయిలు వెళ్ళరు, ఆఖరికి మా వేటగాళ్ళ దండు కూడా వెళ్ళదు. యుద్ధం మొత్తమ్మీద మూడు పక్షాలకీ కుదిరిన ఒప్పందం అదొక్కటే.

ఊరు తగలబడిపోయింది. మొండిగోడలు తప్ప ఏమీ మిగల్లేదు. కానీ రాత్రయితే అక్కడ రోకటి చప్పుడు... ధన్... ధన్... చచ్చిపోయిన ఆడవాళ్ళు ఆకలికి ఆగలేక వడ్లు దంచుకుంటున్నారని చెప్పుకునేవాళ్ళు.

మా మేనబావ వాండిది ఆ ఊరే. తగలబడ్డ రోజు వేటకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బూడిద. పెళ్ళాం తెన్నే శవం కూడా దొరకలేదు. ఆ కడుపుమంటతోనే నాతోపాటు దండులో చేరాడు.

దండు గురువు మా అందరికీ దీక్ష ఇచ్చి, తాయెత్తులు కుట్టిన మట్టిరంగు చొక్కా తొడిగాడు. అది ఒంటి మీదుంటే తూటా నీళ్ళయిపోతుందట. నియమం ఒక్కటే — పోరు ముగిసేదాకా ఆడదాన్ని ముట్టుకోకూడదు. కొనవేలు తగిలినా సరే, ఇక తూటా తూటాయే. మాలో ఎవడు పోయినా, "ఎవత్తెనో ముట్టుకునుంటాడు వెధవ" అనేవాడు గురువు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా!

తెల్లారితే సేవా నది వంతెన మీద దాడి. ముందుగా దారి చూసి రమ్మని ఆ రాత్రి బావని పంపారు. దారేమో గొంబాహున్ మీంచే, ఇంకోటి లేదు. ఇక అక్కడ జరిగింది బావ చెప్పినట్టే చెప్తున్నా, వినండి.

ఊరి మొదట్లోనే వినపడింది. ధన్... ధన్... చిరుతకి జంకని మనిషి, ఒంటిగొట్టం తుపాకీ పట్టుకుని ఓ గోడ పక్కన నక్కాడు.

అవతల మినుకుమినుకుమంటూ నిప్పు. రోలు. రోటి దగ్గర ఓ ఆడమనిషి... మొహమంతా తెల్లగా...

రోకలి పైకెగరేస్తోంది, అది కిందికొచ్చేలోగా రెండుసార్లు చప్పట్లు కొట్టి మళ్ళీ పట్టుకుంటోంది. మా ఆడవాళ్ళంతా ఒక్క చప్పట కొడతారు. రెండు కొట్టే తలపొగరు తెన్నేకే ఉండేది.

"తెన్నే..." అన్నాడు.

రోకలి ఆగింది. "ఎవరూ?"

"నేనే... వాండిని. నువ్వు... బతికే ఉన్నావా?"

తెల్లమొహం ఎగాదిగా చూసింది. "వచ్చి ముట్టుకుని చూడు."

"ముట్టుకోకూడదే. దీక్షలో ఉన్నా."

"ఓహో! అయితే చచ్చాననుకో."

బావకి పెద్ద చిక్కొచ్చి పడింది. దెయ్యమైతే ముట్టుకోవచ్చు, ఆడవాళ్ళ లెక్కలోకి రాదు. పెళ్ళామైతే ముట్టుకోకూడదు. ఏదో తేలాలంటే మాత్రం ముట్టుకుని తీరాలి.

"మొహం అలా తెల్లగా ఉందేంటి?"

"బూడిద. దోమలకి."

"మరి రాత్రిళ్ళు దంచడమేంటి?"

"పగలు దంచితే మీ దండో వాళ్ళ దండో వచ్చి ఊడ్చుకుపోతుంది. దెయ్యాల తిండికి ఎవడూ రాడు."

గోడల వెనక చీకట్లో ఎవరెవరో కిసుక్కున నవ్వారు. ఆడవాళ్ళు... పిల్లలు కూడా...

అన్నీ సబబుగానే ఉన్నాయి. అయితే దెయ్యాలు సబబుగా మాట్లాడవని ఎక్కడా లేదు. బావ వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు. పొద్దున్న వంతెన దగ్గర ప్రాణం దక్కాలంటే అదే దారి.

"కానీ వెళ్ళిపోతే ఇంక బతికినన్నాళ్ళూ తెలీదు కదరా" అన్నాడు తర్వాత నాతో. పోతే పోనీ ప్రాణం అనుకుని, గిర్రున తిరిగొచ్చి ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు.

వెచ్చగా ఉంది. కాయలు కాసి గరుగ్గా ఉంది.

తెన్నే ఏడుస్తూ అతని చెంప మీద ఒక్కటిచ్చింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావయ్యా!"

బావకి దాచడం చేతకాదు. దారి చూసుకుని విడిదికొచ్చి, ఎక్కడో చెప్పకుండా, ఒక ఆడదాన్ని ముట్టుకున్నానని గురువుతో ఒప్పుకున్నాడు. గురువు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అంటు తెచ్చావు! నువ్వొస్తే అందరి చొక్కాలూ చెడతాయి, పో అవతలికి!" అని చొక్కా ఊడదీయించి కంచె బయటికి గెంటించాడు.

నాకు మలేరియా వచ్చి చాప మీద పడున్నాను. మావాళ్ళు పాడుకుంటూ బయల్దేరారు. "ఒక్క రాత్రి ఆగలేకపోయావా బావా!" అని వెళ్తూ వెళ్తూ వాండిని ఏడిపించారు. వాళ్ళ దీక్షలో ఒక్క లోపం లేదు, నాకు తెలుసు, అందరం ఒకే చోట పడుకునేవాళ్ళం.

సాయంత్రమైంది. పొద్దు గుంకింది. వంతెన నుంచి ఒక్కడూ తిరిగి రాలేదు.

గురువు గొంతు సవరించుకుని, "ఎవడో ముట్టుకునే ఉంటాడు" అన్నాడు.

కంచె బయట బావ నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. నేను పాకుతూ దగ్గరికెళ్ళాను.

"ముట్టుకున్నది నేనొక్కణ్ణే కదరా..." అన్నాడు.