అమ్మిరాజు బావ అడిగిన సాయం

నాకు కబుర్లంటే ప్రాణమండీ. బస్సు పావుగంట ఆలస్యమైతే చాలు, పక్కనున్న మనిషికి మా ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాను. ఇదొక్కటి మాత్రం ఎవరికీ చివరిదాకా చెప్పలేదు. ఇవాళ చెబుతాను. దీపం దగ్గరే కూర్చోండి.

తొంభై ఎనిమిది, భాద్రపదం. తాటిపళ్ళు ధబ్ ధబ్ మని రాలే రోజులు. మా చెల్లెలు నాగమణిది కాట్రేనికోన దగ్గర ఊరు. మొగుడు అమ్మిరాజు. నేనూ వాళ్ళకి రెండూళ్ళ ఇవతలే. ఓరోజు వెళ్ళేసరికి వాళ్ళ గేదె మేత ముట్టడం లేదు. నోటివెంట తీగలు తీగలుగా చొంగ. అరుపు కూడా బొంగురుపోయింది.

"తాటిపండు మింగేసింది బావా. టెంక అడ్డం పడింది," అన్నాను, అన్నీ తెలిసినవాడిలా. ఆ కాలంలో గేదె చొంగ కారిస్తే మావైపు ఎవరైనా అదే అంటారండి. మరి తోటనిండా తాటిపళ్ళాయె! నేను దవడలు విడదీసి పట్టుకున్నాను. బావ లోపల చెయ్యిపెట్టి వెతికేడు. టెంక లేదు. వేళ్ళు మాత్రం గీరుకుపోయేయి.

మర్నాడు పశువుల డాక్టరు ప్రభాకరరావుగారు వచ్చేరు. గేదె చెవి వెనక మానిపోయిన గాటు చూసి, ఆయన రెండడుగులు వెనక్కి వేసేరు.

"దీన్ని పిచ్చికుక్క కరిచిందండి. నోట్లో ఎవరు చెయ్యి పెట్టేరు?"

సాయంత్రానికి గేదె చచ్చింది. మా ఇద్దరికీ బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. నేను పిరికివాణ్ణి, పద్నాలుగూ వేయించుకున్నాను. బావ అయిదింటితో ఆపేసేడు. చొక్కా ఎత్తి, పొట్టమీద వాపు చూపించి నవ్వేడు.

"కరిచింది కుక్క, కరిపించుకుంది గేదె. మధ్యలో పొడిపించుకునేది నేనా, బావా?"

మెడపట్టి లాక్కెళ్ళాల్సింది. నేనూ నవ్వేను.

కార్తీకం వచ్చింది. ఓ మధ్యాహ్నం నాగమణి పంపిన కబురు అందింది. "మీ బావ మంచినీళ్ళు చూసి వణికిపోతున్నారు. తొందరగా రా అన్నయ్యా."

సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి మూడయింది. ఎండ ఇంకా మండుతోంది. వీధిలో ఒక్క తలుపూ తెరిచిలేదు. వాళ్ళింటి తలుపు ఓరగా ఉంది. ఆ జబ్బుకి వెలుగూ, గాలీ పడవుగా, కిటికీలకి గోనెసంచులు కుక్కేరు. లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. తడిసి మురిగిన గడ్డి వాసన. దాని కింద ఇంకేదో పుల్లటి వాసన.

"బావా..."

"తలుపు వెయ్యి... గాలొస్తోంది."

గొంతు బావదే. బాగా బొంగురుపోయింది. తలుపు వేసేను.

"నాగమణేదీ?"

ఊపిరి మాత్రం వినబడుతోంది. బరువుగా... తడిగా...

"టెంక, బావా. అడ్డం పడింది. తియ్యి."

నేను కదల్లేదు. చెయ్యి పెట్టకూడదని నాకు తెలుసు. పద్నాలుగు సూదులు తిన్నవాణ్ణి, నాకు తెలీదా?

"నీ మాటమీదే కదా నేను పెట్టేను," అంది ఆ గొంతు, మెల్లగా. "నాకోసం ఒక్కసారి పెట్టలేవా?"

ఏం చెప్పమంటారు? చెయ్యి చాపేను.

పెదవులు తగిలేయి. వేడి. చొంగ. గరుకు నాలుక. వేళ్ళు ఇంకా లోపలికి వెళ్ళేయి. టెంక లేదు. ఇంకొంచెం... ఇంకొంచెం... అంతు తగలడం లేదు...

వీధిలో జీపు ఆగింది. నాగమణి గొల్లుమంది. పళ్ళు గీరుకుపోతున్నా చెయ్యి లాక్కుని బయటికి ఒక్క పరుగు తీసేను.

జీపులో చాప. చాపలో అమ్మిరాజు బావ.

"నీకు కబురు పంపి, పొద్దున్నే పెద్దాసుపత్రికి బయల్దేరేం అన్నయ్యా," అంది నాగమణి. "దారిలోనే... పదింటికే పోయేరు..."

నా చేతినుంచి నేలమీదికి చొంగ జారుతోంది. ఆ గదిలోకి మళ్ళీ ఎవరు వెళ్ళేరో, ఏం చూసేరో నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

మర్నాడు తెల్లారకముందే ఆసుపత్రి మెట్లమీద ఉన్నాను. అక్కడి డాక్టరుగారు కొత్త సబ్బు తెప్పించి, పంపు కింద నా చెయ్యి తనే రుద్ది కడిగేరు.

"ఏం కరిచిందండీ?"

"మనిషండి," అన్నాను. ఇంకేమనాలో తెలీలేదు.

ఆయన సరేనని, చొక్కా చెయ్యి ఇంకాస్త పైకి మడవమన్నారు. మడిచేను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో అటూఇటూ తిప్పి చూసేరు. సబ్బు పక్కన పెట్టేసేరు.

"మనిషైతే ఏ వేళ్ళ దగ్గరో ఉండాలి కదండీ," అన్నారు. "ఈ పళ్ళగాట్లు మోచెయ్యి దాటి పైదాకా ఉన్నాయే?"