పది చొక్కాల పరీక్ష

తనకు ఎలాంటి వెబ్‌సైట్ కావాలో టైలరమ్మాయి రంగు పెన్సిళ్లతో బొమ్మ గీసుకుని మరీ తీసుకెళ్లింది. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో కొత్త చొక్కాలో నవ్వుతున్న మనిషి. జనం దుకాణానికి రానక్కర్లేదు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కొలతలు పంపితే చాలు, వారానికల్లా చొక్కా గుమ్మంలో ఉంటుంది. ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచి ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు.

జిరాక్స్ షాపు మీది ఒంటిగది ఆఫీసులో వెబ్‌సైట్ అబ్బాయి ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఇందులో మీకు ఇంకా తెలియనివి ఏమున్నాయండీ?" అన్నాడు.

"అన్నీ తెలిసే వచ్చాను. తెలియంది వెబ్‌సైట్ ఒక్కటే. అది మీకు తెలుసని వచ్చాను."

"మీరు ఎన్నడూ చూడని మనిషి తన కొలతలు తను సరిగ్గా తీసుకుంటాడా?"

"టేపు ఉంటే ఎవరైనా తీసుకుంటారు."

"తీసుకుంటారని తెలుసా, అనుకుంటున్నారా?"

ఆమె బొమ్మ లాక్కుని మెట్లు దిగిపోయింది. వీధిలో వాన దంచి కొడుతోంది. ఆ కోపంలో తడుస్తున్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు. ఇల్లు చేరి జుట్టు తుడుచుకుంటుంటే మాత్రం ఆ ప్రశ్న చెవిలో దూరిన చీమలా తొలచసాగింది.

ఆమెకు తీరిగ్గా ఆలోచించే వ్యవధి లేదు. ఆమె పని నేర్చుకున్న మేనత్త దుకాణం నెలాఖరుకి మూతపడుతోంది. బట్టల ఫ్యాక్టరీ ఉద్యోగం ఇస్తామని ఉత్తరం రాసింది. అక్కడ పొద్దస్తమానం కాలర్లు కుట్టాలి. కాలరు తప్ప చొక్కా కంటికి కనబడదు, తొడుక్కునే మనిషి అసలే కనబడడు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. బస్సు డ్రైవరైన తండ్రి, నీడపట్టున ఉండే ఉద్యోగాన్ని కాలదన్నుకోవద్దని పోరుతున్నాడు.

మర్నాడు ఆమె మళ్లీ ఆ మెట్లెక్కింది. ఈసారి చేతిలో బొమ్మ లేదు. తనకు తెలియని సంగతులు పదకొండు రాసుకొచ్చింది. అబ్బాయి నవ్వలేదు. వీటిలో ఏది తప్పయితే మిగతా పదీ ఉన్నా లేనట్టేనో చెప్పమన్నాడు. ఆమె చాలాసేపు చూసి, నిన్న పోట్లాడిన ప్రశ్న మీదే వేలు పెట్టింది.

అయితే వెబ్‌సైట్ పక్కన పెట్టి ముందు అది తేల్చుకుందామన్నాడు. తన చేతికి వచ్చిన పనిని తనే వెనక్కి నెట్టుకుంటున్నాడని ఆమెకు అప్పుడు తట్టింది. కోపం సగం అక్కడే కరిగింది.

తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు పదిమంది ఫోన్‌లో కొలతలు పంపారు. పదోవాడు వెబ్‌సైట్ అబ్బాయే. దుకాణంలో మిగిలిన గుడ్డతో ఆమె వారం రోజులు మిషను మీద నుంచి లేవకుండా కుట్టింది. అతను బండి మీద ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చాడు. ఆఖరున తన చొక్కా తొడుక్కుని ఆమె ముందు నిలబడ్డాడు. గుండీలు ఇప్పుడో ఇంకాసేపటికో తెగిపోయేలా ఉన్నాయి.

ఆమె టేపు తీసి అతని పొట్ట చుట్టూ వేసింది. అతను పొట్ట లోపలికి లాక్కుని బొమ్మలా బిగుసుకుపోయాడు.

"ఊపిరి వదలండి."

"వదిలాను."

"లేదు. కొలత కూడా ఇలాగే బిగబట్టి తీసుకుని ఉంటారు. చొక్కా తొడుక్కున్నంతసేపూ ఇలాగే ఉంటారా?"

అతను ఊపిరి వదిలాడు. టేపు రెండు అంగుళాలు జరిగింది. ఇద్దరూ పకపకా నవ్వారు. తర్వాత ఎవరికీ ఎటు చూడాలో తోచలేదు.

మిగతా చొక్కాల కబుర్లు వచ్చేసరికి ఆ నవ్వు ఆవిరైపోయింది. పదిలో ఏడు సరిపోలేదు. అబ్బాయి ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఎంత మంచి పని జరిగింది, వందమందికి కుట్టాక తెలిసి ఉంటే ఏమయ్యేవాళ్లం అంటున్నాడు.

"నా ఏడు చొక్కాలు పాడైతే మీకు పండగలా ఉందా?" అని ఆమె విసురుగా వెళ్లిపోయింది.

నాలుగు రోజులు మాటల్లేవు. అతను రోజూ పొద్దున ఒక మెసేజ్ పెట్టేవాడు. చెడినవాటిని కాసేపు వదిలెయ్యండి, సరిపోయిన ముగ్గుర్నీ ఏం చేశారో అడగండి. నాలుగు రోజులూ అదే మెసేజ్. ఐదో రోజు విసుగెత్తి అడిగింది.

ఒకాయనకు కొలతలు భార్య తీసింది. గడియారాలు బాగుచేసే ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. ఒంటి మీద కొలుచుకోవడానికి బద్ధకించి, తనకు బాగా సరిపోయే పాత చొక్కాను మంచం మీద పరిచి దాన్నే కొలిచాడట. మూడో ఆయనదీ అదే కథ.

ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"మనిషిని కొలవమనకూడదండీ. మనిషి అబద్ధం ఆడతాడు, ఊపిరి బిగబడతాడు. నచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి కొలవమందాం."

అతను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు.

కొత్తగా ఇంకో పదిమంది. వారం గడిచేసరికి ఆఫీసులో ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది. కొత్త చొక్కాల్లో మనుషులు ఫొటోలు పంపుతున్నారు. అద్దం ముందు ఒకరు, మేడ మీద ఒకరు, మనవణ్ని ఎత్తుకుని ఒకరు. ఒకటి, రెండు, ఐదు. తొమ్మిదో ఫొటో వచ్చేసరికి ఆమెకు కళ్లు మసకబారాయి. పదో ఆయన తమ్ముడి చొక్కా కొలిచాడట. చొక్కా తమ్ముడికి భేషుగ్గా ఉందట.

ఫ్యాక్టరీకి రానని ఆ సాయంత్రమే ఉత్తరం రాసి తండ్రికి చూపించింది. ఆయన ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసి, సంతకం పెట్టమ్మా అన్నాడు.

వెబ్‌సైట్ తెరిచే రోజు తండ్రి కూడా చూస్తానన్నాడు. ఆయన వచ్చేలోగా అబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"తెలియంది ఇంకొకటి ఉండిపోయింది. దాన్ని పరీక్షించడానికి నాకే ధైర్యం చాలలేదు."

"ఎంతమందిని అడగాలేమిటి?"

"ఒక్కరినే. ఈ పని అయిపోయాక కూడా మీరు ఈ మెట్లు ఎక్కుతారా? రోజూ?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట సన్నగా తుంపర పడుతోంది.

"రోజూ ఎక్కడం నా వల్ల కాదు. ఆ ఆఫీసేదో మా దుకాణానికే మార్చేయండి. దుకాణం మూసినా మేనత్త ఆ గది నాకే ఇచ్చింది. మిషనుకీ కంప్యూటరుకీ చోటు సరిపోతుంది."

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

అప్పుడే తండ్రి ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అంతా సిద్ధమేనా, ఇంకేమైనా మిగిలిందా అని అడిగాడు.

"నువ్వు సరేననడమే నాన్నా."

"ఉత్తరానికి సరేనన్నాగా. ఇంకా దేనికి?"

ఆయన కూతురి ముఖం చూశాడు, అబ్బాయి ముఖం చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ చూశాడు.

"రేపు ఇంటికి రా బాబూ," అన్నాడు చివరికి. "నాకు తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి."