నా ఫైళ్ళు ఎందుకు వదిలేశారు?

"మీ ఫైలు వెనక్కి పంపుతున్నానండీ," అంది మా అమ్మాయి ఫోన్లో.

"ఈ వారంలో మూడోది. ఈసారి ఏం పాపం చేశాను?" అన్నాడు అవతలి అబ్బాయి.

ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. నేను కూర తరుగుతూ చెవులు అటే పడేశాను. రేడియేషన్ ఇచ్చేముందు కిరణాలు ఎటునుంచి ఎంత పడాలో ఆసుపత్రిలో అతను ప్లాన్ వేస్తాడట. ఆ ఫైలు చదివి బిల్లుకి సరైన కోడ్ వెయ్యడం మా అమ్మాయి పని, ఇంట్లోంచే. ఒక్క అంకె తప్పితే పోలీసులొస్తారేమోనని నాకు భయం.

"ఒకే రోగికి రెండో ప్లాన్ వేశారు. కారణం లేకుండా కోడ్ వెయ్యకూడదు."

"మనిషి చిక్కిపోయాడండీ. తల కదలకుండా మొహానికి బిగించే మాస్కు వదులైపోయింది. పాత ప్లాన్ ఇంక పనికిరాదు."

"నాకు చెబితే ఏం లాభం? ఫైల్లో ఉండాలి, డాక్టరుగారి సంతకంతో."

"ఇంట్లో కూడా ఇంతేనా మీరు?"

"మా అమ్మ నాకంటే ఘోరం."

రెండు నెలలు రోజూ ఫోన్లే. ఫైళ్ళు వెనక్కెళ్ళడం తగ్గింది, నవ్వులు పెరిగాయి. అది నవ్వితే నాకు దిగులు.

"పెళ్ళయిందేమో కనుక్కున్నావుటే?"

"కోడ్‌కి దాంతో పని లేదమ్మా."

ఒక సోమవారం ఫోన్లు ఆగిపోయాయి. సెల్లు బోర్లా పెట్టేసి కూర్చుంది.

"ఏమైందే?"

"అతని ఫైళ్ళు ఇంకొకళ్ళకి ఇచ్చేయమన్నాను."

"ఏం తప్పు చేశావు? ఉద్యోగంలోంచి పీకేస్తారా?"

"లేదమ్మా."

అంతే. ఇంక నాకు ముద్ద దిగలేదు.

గురువారం మధ్యాహ్నం, జోరున వాన. తలుపు కొట్టారు. మెళ్ళో ఆసుపత్రి కార్డుతో తడిసి ముద్దయిన మనిషి. అయిపోయింది, దీన్ని పట్టుకోడానికి వచ్చేశారనుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"దాన్నేమీ అనకు బాబూ. తప్పుంటే దిద్దేస్తుంది."

"తప్పు నాదేనేమో ఆంటీ. కనుక్కుందామని వచ్చాను."

గొంతు గుర్తుపట్టాను. మా ఇల్లు మందుల షాపు పైనేనని ఎప్పుడో మా అమ్మాయే ఫోన్లో వాగిందట. అమ్మాయి గదిలోంచి వచ్చి ఆగిపోయింది. వాళ్ళు మొహాలు చూసుకోవడం అదే మొదలు.

"నా ఫైళ్ళు ఎందుకు వదిలేశారు? నా జోకులు మరీ అంత దరిద్రంగా ఉన్నాయా?"

"ఉన్నాయి. కానీ అందుకు కాదు."

"మరి?"

"అయినవాళ్ళ ఫైళ్ళు చూడకూడదని మాకు రూలుందండీ. ముందే రాసిచ్చి తప్పుకోవాలి."

"నేను మీకేమవుతాను?"

"ఇంకా ఏమీ కారు." అది గోడకేసి చూస్తూ అంది. "మీ తప్పు కనబడితే వెనక్కి పంపడానికి చెయ్యి రావట్లేదు. పోయిన శుక్రవారం ఒకటి చూసీ చూడనట్టు వదిలేయబోయాను. భయమేసి సూపర్‌వైజరుకి అంతా రాసిచ్చేశాను."

"ఆఫీసుకి చెప్పారు, నాకు చెప్పలేదు."

"మీరు కాదంటే?"

"సూపర్‌వైజరేమన్నారు?"

"వెంటనే ఒప్పుకున్నారు."

"నేనూ అంతే."

ఎవరి పిల్లాడో, ఎలాంటివాడో, రేపు దీన్ని ఏడిపిస్తే? అడగాల్సినవి వందున్నాయి. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"ఏమంటావమ్మా?"

అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. తువ్వాలు తెచ్చి చేతికిచ్చాను.

"లోపలికొచ్చి తల తుడుచుకో. ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి బాబూ, మా ఇంట్లో ఉన్నావని చెప్పు. ఇంత వానలో ఏమైపోయావోనని ఆవిడ కంగారు పడుతూ ఉంటుంది."