నాలుగు వందల పన్నెండో నంబరు గిన్నె

మిట్టమధ్యాహ్నం... అయినా సూర్యబింబాన్ని మింగేసిన కారుమేఘాలు మ్యూజియం మీద చీకటిని కుమ్మరించాయి! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది. నేలమాళిగలో అరల నిండా మట్టిపాత్రలు గజగజ వణికాయి.

ఆ పాత్రల ఆకారాలు చూసి గిన్నె, కూజా, జాడీ అంటూ పట్టికకెక్కించడమే ఇరవై ఏళ్లుగా అక్క పని. పగిలినవాటిని అతికించడం చెల్లెలి పని. మూడు రోజుల క్రితం నిల్వగది అధికారి ఇచ్చిన నల్లని గిన్నెను అతికించినప్పటి నుంచి ఆ పిల్ల మనిషి కాలేదు. తిండి లేదు, నిద్ర లేదు, గొంతు తనది కాదు. భోజనానికి రాలేదని వెతుక్కుంటూ అక్క నేలమాళిగలోకి దిగింది.

బల్ల మీద ఆ గిన్నె... అందులో కపాలం... దాని చుట్టూ నెత్తురు! జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న చెల్లెలు! నిన్నటిదాకా అక్కను "తల్లీ" అని నోరారా పిలిచిన అధికారే, ఇప్పుడు రక్తనేత్రాలతో బీజాక్షరాలు జపిస్తున్నాడు.

"ఆ మూల జాడీలో ఉన్నదాన్ని నా ఊపిరితో ముడివేసి లేపాను. మూడో ఉరుముకి నీ చెల్లెలి ప్రాణం ఈ గిన్నెలోకి దిగుతుంది. అది తాగిందంటే నాకు బానిసే," అన్నాడు. కదిలితే ఇప్పుడే చంపేస్తానన్నాడు.

మొదటి ఉరుము... చెల్లెలి పెదవులు నీలమయ్యాయి!

అక్కకు ఏం చేయాలో పాలుపోలేదు గానీ, కళ్లు మాత్రం పాత అలవాటు మానలేదు. గిన్నెకైతే అడుగు అరగాలి. దీనికి అంచు అరిగింది. అడుగున ఉన్న దిమ్మ వేళ్లు పట్టి పట్టి నున్నబడింది. మూల జాడీ నోరు కొలిచింది తనే... సరిగ్గా ఇంతే వెడల్పు! పట్టికలో దీన్నొక్కదాన్ని మాత్రం తన చేతికివ్వకుండా గిన్నె అని రాసింది ఈ మహానుభావుడే. ఒక్కసారైనా తిరగేసి చూసిన పాపాన పోలేదు.

"అయ్యా, అది గిన్నె కాదు. మూత."

జపం తడబడింది. రెండో ఉరుము... అక్క ఒక్క ఉదుటున కపాలాన్ని విసిరికొట్టి, ఆ పాత్రను జాడీ మీద బోర్లించింది. మూత మీద కుమ్మరి ఎన్నడో నొక్కి వదిలిన వేలిముద్రలు నిప్పుకణికల్లా భగ్గుమన్నాయి! లోపలిది లోపలే బిగుసుకుంది. దానితో ముడిపడిన ఊపిరీ లోపలికే పోయింది! మాంత్రికుడు నోరు తెరిచాడు, అరుపు రాలేదు. మూడో ఉరుముకి అతడున్న చోట గుప్పెడు బూడిద మిగిలింది.

"అక్కా... ఆకలేస్తోంది," అంది చెల్లెలు, తన గొంతుతోనే. అక్క ఆ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది.

మర్నాడు పట్టికలో నాలుగు వందల పన్నెండో నంబరు ఎదుట "గిన్నె" కొట్టేసి, "మూత. జాడీ నుంచి వేరు చేయరాదు" అని రాసింది. బయట ఉరిమింది. జాడీలోంచి సన్నగా వినిపించింది... "తియ్యి తల్లీ..."

అక్క "వేరు చేయరాదు" కింద రెండు గీతలు గీసి పేజీ తిప్పింది.