దూది కుండ

ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట చిన్న మిషన్ దవాఖానా ఒకటి ఉండేది. నాలుగు ఇనప మంచాల వార్డు, ఒక కాన్పుగది, వెనకాల సామాన్ల గది. అంతే. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ముసురు పట్టిందంటే కరెంటు కన్నా మిణుగురులే నయమని నర్సు ఫ్లోరెన్స్ నవ్వేది. ఈమధ్య ఆ నవ్వు తగ్గింది. ఎనిమిదో నెల కదా, ఆయాసమేమోలే అనుకున్నారు అందరూ. ఆమె అనుకోనిచ్చింది.

ఆ సాయంత్రం వార్డు ఖాళీగా ఉంది. ఫ్లోరెన్స్ వరండాలో కూర్చుని దూది ఉండలు చుడుతోంది. ఆమె భర్త యోనా దవాఖానా జీపు డ్రైవరు. మందుల కోసం కొత్తగూడెం వెళ్లాడు. కడుపులో బిడ్డ పక్కటెముకల కింద ఒక్క తన్ను తన్నింది.

"ఆగరా నాయనా, మీ నాన్నను రానీ," అంది.

చేతిలో దూది చూసుకుంటే మాత్రం మనసు చివుక్కుమంది.

వెనక గదిలో సీసాలున్నాయి. అవి డాక్టర్ జయరాజ్ గారి పరిశోధనవి. కడుపులో బిడ్డకు తిండీ గాలీ అందించేది మాయే. అది సరిగ్గా పనిచెయ్యకపోతే తల్లికి బీపీ ఎక్కుతుంది, కాళ్లు వాస్తాయి, ఒక్కోసారి గుర్రపువాతం వచ్చి ఒళ్లంతా కొట్టుకుంటుంది. ఎందుకలా అవుతుందో తెలిస్తే ఎంతమంది తల్లులు బతుకుతారో అని డాక్టరు గారు చెబుతుంటే, ఫ్లోరెన్స్ చర్చిలో వాక్యం విన్నట్టు వినేది. మాయ పడగానే కడిగి మందునీళ్ల సీసాలో వెయ్యడం ఆమె పని. ఆలస్యమైతే పరీక్షకు పనికిరాదు.

తండాల్లో మాయను ఊరికే వదలరు. కొత్త కుండలో పెట్టి, పసుపూ ఉప్పూ చల్లి, మూతికి గుడ్డ కట్టి, అత్త తన చేతులతో ఇంటి వెనక పాతిపెడుతుంది. అది మట్టిలో పడితేనే తల్లి కడుపు చల్లబడుతుందని వాళ్ల నమ్మకం. అడిగితే కొందరు చిన్న ముక్క ఇచ్చేవారు. పోయిన నెల కోడలి కాన్పుకు తోడొచ్చిన సక్రి మాత్రం ససేమిరా అంది.

సక్రి కోడలు సంగీత కాళ్లు వాచి, బీపీతో వచ్చింది. డాక్టరు గారు ఎదురుచూస్తున్న కేసు అదే. "మొత్తం మాయ కావాలి, ఎట్లాగైనా ఒప్పించు," అన్నాడు పట్నం నుంచి ల్యాండ్‌లైనులో. ఒప్పించమన్నాడే గానీ మోసం చెయ్యమనలేదు. ఆ తెలివి ఫ్లోరెన్స్ సొంతం.

ఆడపిల్ల పుట్టింది. సన్నంగా ఉన్నా గట్టిగా ఏడ్చింది. పిల్లను సక్రి చేతికిచ్చి బయటికి పంపి, సంగీతను వార్డులో మంచం మీద పడుకోబెట్టి, ఫ్లోరెన్స్ మాయ ఉన్న పళ్లెం తీసుకుంది. సంగీత ఆమె కొంగు పట్టుకుంది.

"సిస్టరమ్మా, తలకాయ పగిలిపోతున్నది. జర నా కాడ ఉండరాదూ."

"ఇప్పుడే వస్తా," అంది ఫ్లోరెన్స్.

కాన్పయ్యాక కూడా వాతం కొడుతుందని, ఆ తలనొప్పి దానికి గుర్తని ఆమెకు తెలుసు. తెలిసీ వెళ్లింది. వెనక గదిలో మాయను కడిగి సీసాలో వేసింది. సక్రి తెచ్చిన కుండలో నెత్తురంటిన దూది కుక్కి, పసుపు చల్లి, మూతి బిగించి కట్టింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కుండ బరువు కూడా సరిపోయింది. వార్డులో ఇనప మంచం టకటకా కొట్టుకుంటుంటే, గాలికి కిటికీ కొట్టుకుంటోందనుకుంది.

తిరిగొచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. తల్లులెందుకు పోతున్నారో కనుక్కునే పనిలో పడి, పక్క గదిలో తల్లి పోతుంటే కనుక్కోలేకపోయింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, యోనాకు కూడా.

గేటు కిర్రుమంది. ఫ్లోరెన్స్ దూది మీంచి తలెత్తింది. సక్రి వానలో తడుస్తూ వస్తోంది. చంకలో కుండ. మూతికి అదే గుడ్డ, అదే ముడి.

"పిల్ల మంచిగున్నదా అవ్వా?" అడిగింది ఫ్లోరెన్స్.

"పిల్ల మంచిగనే ఉన్నది. పాలు తాగుతున్నది, పంటున్నది." సక్రి మెట్టు మీద కూర్చుంది. "తల్లే పంటలేదు."

"అంటే?"

"మునిమాపు కాంగనే వస్తది. పాతిన కాడ కూసుంటది. తెల్లారి చూస్తే కుండ గడప కాడ ఉంటది. మల్ల పూడుస్తం. మల్ల గడప కాడనే."

"కుక్కలు తీస్తున్నయేమో..."

"కుక్కలైతే ముడి ఉంచుతయా బిడ్డా?"

"నేను పెట్టింది దాని మాయనే అవ్వా!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. సక్రి చంకలో కుండను మెట్టు మీద దించింది.

"నేనేమన్న అడిగిన్నా? సరే, నీ నోట్లకెల్లి వచ్చింది గనక అడుగుత. నీ కడుపు మీద చెయ్యేసి చెప్పు. నా కోడలి మాయనే పెట్టినవా?"

నిజం చెప్పెయ్యొచ్చు. సీసా పది అడుగుల దూరంలో ఉంది. తెచ్చి చేతిలో పెట్టి, కాళ్ల మీద పడొచ్చు. కానీ ఉద్యోగం, డాక్టరు గారి పేరు, తండా అంతా వచ్చి గేటు ముందు నిలబడటం, యోనా మొహం... అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఫ్లోరెన్స్ కడుపు మీద చెయ్యి వేసింది. అరచేతి కింద బిడ్డ తన్నింది.

"దాని మాయనే. నా కడుపు మీద ఒట్టు."

సక్రి తలూపింది. ఆమె చూపు ఫ్లోరెన్స్ మీద లేదు. ఫ్లోరెన్స్ భుజం మీదుగా, వార్డులోకి చూస్తోంది.

"మంచిది. ఆమె విన్నది," అని మెల్లగా లేచింది. "కట్టినోళ్లే ముడి ఇప్పాలె. నా వల్ల కాదు తల్లీ." కుండను అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

కరెంటు పోయింది.

తడి మట్టి వాసన. దానిలో పసుపు వాసన. ఎక్కడో కప్పలు అరుస్తూ అరుస్తూ... ఒక్కసారిగా ఆగిపోయాయి. ఖాళీ వార్డులోంచి చప్పుడు.

టక... టకటక... టకటకటక...

గాలి లేదు. కిటికీ మూసే ఉంది.

"తప్పయింది," అంది ఫ్లోరెన్స్ చీకట్లోకి. "ఇచ్చేస్తా సంగీతా. నీది నీకిచ్చేస్తా."

టార్చి వేసుకుని, వార్డు వైపు చూడకుండా వెనక గదికి పరిగెత్తింది. సీసా ఉంది. లోపల సంగీత మాయ అలాగే ఉంది, చిన్నగా, తెల్లటి మచ్చలతో. సీసాను గుండెకు హత్తుకుని వరండాలోకి వచ్చి కుండ ముందు కూలబడింది. దూది తీసేసి, దీన్ని అందులో పెట్టి, సక్రి వెనక పరిగెత్తాలి. తండా చేరకముందే అందుకోవాలి.

ముడి విప్పింది. లోపల చెయ్యి పెట్టింది.

దూది లేదు.

వెచ్చగా ఉంది... మెత్తగా... ఇప్పుడే పడ్డట్టు. టార్చి కుండలోకి తిప్పింది. పెద్ద మాయ. ఎర్రగా, ఒక్క మచ్చ కూడా లేకుండా. బొడ్డుతాడు ఇంకా కొట్టుకుంటోంది.

సంగీతది సీసాలో ఉంది. ఒళ్లోనే ఉంది.

మరి ఇది...

ఫ్లోరెన్స్ చెయ్యి తన కడుపు మీదికి వెళ్లింది. నొక్కింది. అటు జరిపింది, ఇటు జరిపింది. ఒట్టు వేసినప్పుడు తన్నిన తన్నే. తర్వాత లేదు.

"నాయనా... ఒక్క తన్ను... ఒక్కటి..."

కుండలో తాడు కొట్టుకోవడం మెల్లమెల్లగా తగ్గుతోంది.

"నాయనా, పోకురా. జర నా కాడ ఉండరాదూ..."

వార్డులో మంచం చప్పుడు ఆగింది.

చీకట్లోంచి ఒక గొంతు, అచ్చం ఫ్లోరెన్స్ గొంతే, నెమ్మదిగా పలికింది.

"ఇప్పుడే వస్తా."