నీళ్లలో కనిపించిన ఇద్దరు

లక్ష్మీరాజం రోజూ పొద్దున్నే పార్కుకు వెళ్లి, కలువల ఫోటోలు తీసుకుని, ఎనిమిదిన్నరకల్లా సూరత్‌లోని బమ్రోలి పేటలో ఉన్న ఇంటికి తిరిగి వచ్చేవాడు. కరోనా తగ్గాక, ఊపిరితిత్తులు బాగుపడాలంటే నడవమని డాక్టరు చెప్పాడు. నడకకు వెళ్లినవాడు పార్కులోని కొలను దగ్గరే ఆగిపోవడం అలవాటు చేసుకున్నాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల చప్పుడులో బతికిన మనిషికి ఆ నీళ్ల దగ్గర ఉండే నిశ్శబ్దం కొత్త. గట్టు గోడ మీద మోచేతులు ఆనించి, గాలి ఆగి ఆకులు కదలకుండా నిలిచేదాకా చూసి, అప్పుడు ఫోన్ నొక్కేవాడు. వాటిలో మంచిదొకటి ఆ ఊళ్లోని కులంవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. "రాజమన్న పువ్వు ఇంకా రాలేదేంది" అని ఎవరైనా అడిగారంటే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు.

ఆ మార్చి ఉదయం ఐదేళ్ల మనవరాలు శ్రీనిజ ఆయన ఒళ్లో కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటే జరిపింది.

"తాతా, యే గులాబీ వాలా పెట్టు. మస్తుంది."

"పెడత బిడ్డా. నువ్వు పోయి మొకం కడుక్కో."

పాప వెళ్లాక ఆయన ఇంకో ఫోటో తెరిచాడు. అందులో తెల్లకలువ ఉంది. దాని పక్కన నీళ్లలో అవతలి గట్టు మీది బెంచీ నీడ తలకిందులుగా పడింది. బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని నవ్వుతున్నది తన కోడలు కరుణ. పక్కన ఉన్నది ఆమె పనిచేసే చీరల దుకాణంలో ప్యాకింగ్ చేసే నరహరి.

కొడుకు సంపత్ కిందటి ఏప్రిల్‌లో, రెండో వేవ్‌లో పోయాడు. అప్పటినుంచి కరుణ నవ్వగా ఆయన చూడలేదు. ఈ పొద్దున ఫోటో తీసేటప్పుడే వాళ్లిద్దరూ ఆయన కంట పడ్డారు. చూసే నొక్కాడు. ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆలోచన. కరుణ వెళ్లిపోతే శ్రీనిజ కూడా వెళ్లిపోతుంది. సంపత్ పోలికలు ఇంక ఈ ఇంట్లో ఎక్కడా కనిపించవు. అడగడానికి తనకు నోరు రాదు. నలుగురూ నాలుగు మాటలంటే ఆ పిల్లే ఆగిపోతుంది.

పాప అడిగిన గులాబీ ఫోటోను పక్కకు జరిపాడు. తెల్లకలువనే గ్రూపులో పెట్టాడు. కింద ఎప్పటిలాగే 'శుభోదయం' అని చేర్చాడు.

మధ్యాహ్నానికి బిక్షపతి అనే కులపెద్ద ఆ ఫోటోను పెద్దది చేసి, ఇద్దరి చుట్టూ ఎర్రగీత గీసి మళ్లీ పెట్టాడు. "రాజమన్నా, పువ్వు మంచిగుంది. పక్కన ఎవరు?" అని రాశాడు. దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. "ఏడాది గూడ నిండలే" అని ఇంకొకరు రాశారు. లక్ష్మీరాజం కంగారుగా తన ఫోటో తీసేశాడు. బిక్షపతి పెట్టినది మాత్రం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కరుణ పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే అత్త భూదేవి గుమ్మంలో నిలబడింది. పక్కింటి సమ్మక్క అప్పటికే అత్తకు అంతా చూపించి, తన ఫోన్ ఆమె చేతికిచ్చింది.

"ఎవడే వాడు?"

"ఎవరు అత్తమ్మా?"

"పార్కుల నీ పక్కన కూసున్నోడు. నా కొడుకు పోయి ఏడాది కాలే. నీకు గప్పుడే నవ్వులు వచ్చినయా?"

భూదేవి సమ్మక్క ఫోన్‌ను కోడలి ముందు పెట్టింది. కరుణ ఎర్రగీతలోని తన ముఖాన్ని చూసుకుంది.

"మా దుకాణంల చేసే నరహరి. పనికి పోయే ముందు పావుగంట కూసున్నం. గంతే."

"గంతేనా? పెండ్లి చేసుకుంట అన్నడా లేదా?"

"అడిగిండు. నేనింకా ఏం చెప్పలే."

"ఏం చెప్పకముందే మా ఇజ్జత్ తీసినవ్. గింత మందిల మీ మామ తల ఎత్తకుంట చేసినవ్."

శ్రీనిజ తల్లి కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. లక్ష్మీరాజం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరో అనాలని తాను కోరుకున్న మాటలే ఇవి. ఒక్కొక్కటీ తన నోట్లోంచే వస్తున్నట్టు అనిపించింది.

భూదేవి ఆయన వైపు తిరిగింది. "నీ కండ్లు ఎటువోయినయయ్యా? పెట్టేముందు జర చూడొద్దా? ఇంటి పిల్లను గిట్ల బజార్ల పెడ్తరా?"

"మామను ఏమనకుండ్రి అత్తమ్మా," కరుణ కళ్లు తుడుచుకుంటూనే అడ్డం వచ్చింది. "ఆయనకు దగ్గరియి సరిగ కనవడయి. పువ్వును తప్ప ఏం చూసుండరు. తెలిసి చేసే మనిషి కాదు మామ."

కొడుకు చనిపోయిన నెలలోనే లక్ష్మీరాజం కూడా మంచాన పడ్డాడు. ఎవరూ ఆ గుమ్మం తొక్కని రోజుల్లో చెంచాతో జావ తాగించింది ఈ పిల్లే. ఇప్పుడు తన తరఫున మాట్లాడుతున్నదీ ఈ పిల్లే. ఆయన తల నేలకు వాలిపోయింది.

"నేను చూసిన," అన్నాడు.

"ఏంది?" అంది భూదేవి.

"ఫోటో తీసేటప్పుడే కనవడ్డరు. చూసే పెట్టిన."

పాప ఏడుపు ఆపి తాత వైపు చూసింది.

"ఎందుకు మామా?" కరుణ మెల్లగా అడిగింది.

"నువ్వు పోతవని. పాపను తీస్కపోతవని. నిన్ను అడిగే మొకం లేక, నలుగురితోని అనిపిచ్చిన."

కరుణ అరవలేదు. "నన్ను అడిగితే చెప్పేదాన్ని గద మామా," అంది. పాపను ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

మూడు రోజులు ఆమె అవసరానికి మించి మాట్లాడలేదు. వీధిలో అందరూ మాస్కులు తీసేసి తిరుగుతుంటే, తను మాత్రం కళ్ల కిందిదాకా లాక్కుని తలవంచుకుని పనికి వెళ్లేది. లక్ష్మీరాజం పార్కు వైపు పోలేదు. ఆమె అలా నడిచి వెళ్తుంటే గుమ్మంలోంచి చూస్తూ కూర్చునేవాడు.

నాలుగో రోజు భార్య పక్కనుండగానే ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులోకి మాట పంపాడు.

"అందరికి దండం. ఆ ఫోటోల ఉన్నది మా కరుణనే. ఆమె తప్పేం లేదు. నేను చూసి, కావాలని పెట్టిన. మీతోని ఆమెను అనిపియ్యాలని పెట్టిన. సిగ్గు పడాల్సింది నేను. ఇగ ఎవరేమన్నా నన్నే అనుండ్రి."

భూదేవి కొంగుతో ముఖం కప్పుకుంది. "నేను గూడ మస్తు మాటలన్న," అంది. లేచి లోపలికి వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

లక్ష్మీరాజం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఆ నరహరిని ఐతారం ఇంటికి పిలువు బిడ్డా. మనకు ఇల్లు లేదా, పార్కుల కూసొని మాట్లాడనీకి?"

"నేనింకా ఏం అనుకోలే మామా."

"ఔనంటవో కాదంటవో నీ ఇష్టం. ఏదన్నా ఈ ఇంట్ల కూసొని చెప్పు."

"శ్రీనిజ?"

ఆయన పాప వైపు చూశాడు. "నీ బిడ్డ. నువ్వెక్కడుంటే ఆడనే ఉంటది. మేమే వచ్చి చూసుకుంటం."

ఇన్ని రోజులూ ఆపుకున్న ఏడుపు కరుణకు అప్పుడు వచ్చింది. అత్త భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆదివారం లక్ష్మీరాజం వీధి చివరిదాకా వెళ్లి నరహరి కోసం నిలబడ్డాడు. చాయ్ బండి దగ్గర బిక్షపతి, ఇంకో ఇద్దరు ఉన్నారు. నరహరి ఆటో దిగి, వాళ్లను చూసి తడబడ్డాడు.

"రాజమన్నా, ఎవరీయన?" బిక్షపతి తెలియనట్టు అడిగాడు.

"నరహరి. మా ఇంటికొస్తుండు. నేనే పిలిచిన."

బిక్షపతి చాయ్ గ్లాసు ఎత్తి మొహం పక్కకు తిప్పుకున్నాడు. లక్ష్మీరాజం నరహరి చెయ్యి పట్టుకుని నడిచాడు. గుమ్మాల్లో ఆడవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. ఆయనకు ఇంకా తల ఎత్తడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇంటి మెట్టు ఎక్కేదాకా ఆ చెయ్యి వదలలేదు.