సగటులో కలిసిపోయినవాళ్లు

కొత్తరేవు కాలనీలో ఆ ఉదయం కూడా అందరి మణికట్ల మీదా పచ్చచుక్కే వెలిగింది. కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న నూకాలమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. పక్కనున్న కూతురు సంపూర్ణ చెయ్యి కూడా లాగి చూసి, తృప్తిగా బిందె చంకనెత్తుకుంది.

పప్పుబద్దంత రక్తదర్శినిని అందరికీ మణికట్టు చర్మం కింద అమర్చడం మొదలయ్యాక జనం సూది నొప్పి మరిచిపోయారు. చక్కెర, ఉప్పు, కిడ్నీల పనితీరు అన్నీ అదే గంటగంటకీ కొలుస్తుంది. బాగుంటే పచ్చ, తేడా వస్తే పసుపు, ప్రమాదమైతే ఎరుపు.

ఎదురింటి గుమ్మంలో నిలబడి యశోధర ఆ తల్లీకూతుళ్లను చూస్తోంది. ఆమె భర్త సన్యాసిరావు మణికట్టు మీద చివరిదాకా పచ్చచుక్కే ఉంది. ఓడల మరమ్మతు చేసే ఆ బలమైన మనిషికి కాళ్లు వాచాయి, తిన్నది ఇమడటం మానేసింది. డాక్టర్లు కూడా చుక్కనే చూసి అజీర్తి మందులిచ్చి పంపేశారు. ప్రాణం పోయే రోజున కూడా చెయ్యి పైకెత్తి, "నాకేటీ నేదే, పచ్చగానే ఉంది గదా" అన్నాడు.

యశోధర పని ఆ చుక్కల మంచిచెడ్డలు చూడటమే. కొండ మీది నాణ్యతా కేంద్రంలో ఆమె గణాంక విశ్లేషకురాలు. పాతకాలపు ప్రయోగశాలల్లో రోగుల నమూనాలతో పాటు, విలువ ముందే తెలిసిన నమూనా ఒకటి యంత్రంలో పెట్టేవారు. దాన్ని 'తెలిసిన రక్తం' అనేవారు. దాని విలువ హద్దు దాటి అటో ఇటో పోతే యంత్రం చెడిందని అర్థం. బాగుచేసేదాకా ఎవరి ఫలితమూ బయటికి వెళ్లేది కాదు.

కేంద్రం అధిపతి కోదండపాణి ఆ పద్ధతికి స్వస్తి చెప్పాడు. చర్మం కిందున్న కోట్లాది యంత్రాలలో తెలిసిన రక్తం పోయడం ఎలాగూ కుదరదు. అందుకని ఆయన 'సమరేఖ'ను తయారుచేశాడు. ఒక ప్రాంతంలోని జనమందరి ఫలితాల సగటు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, ఆ సగటు పెరిగితే యంత్రాలే దారి తప్పుతున్నాయని సమరేఖ అనుకుంటుంది. పెరిగినంత మేరా అందరి ఫలితాల్లోంచీ తీసేస్తుంది. ఆ లెక్క బ్రహ్మాండంగా పనిచేసింది. ఆయనకు దేశమంతా సన్మానాలు చేశారు.

భర్త మంచాన పడ్డ రోజుల్లోనే యశోధరకు అనుమానం వచ్చింది. కాలనీ ఫలితాల్లో సమరేఖ చేస్తున్న దిద్దుబాటు నెలనెలా పెరుగుతోంది, అదీ ఒకే దిశలో. ఆమె కోదండపాణి గదికి వెళ్లి ఆ పెరుగుదల గీతను చూపించింది.

"యంత్రాలు చెడితే కొన్ని ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ చూపిస్తాయి. అన్నీ ఒకేవైపు వెళ్తున్నాయంటే మారింది యంత్రం కాదేమో సార్. మనుషులేమో" అంది.

ఆయన అప్పుడు మోకాలికి మందు రాసుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు. "ఊరు ఊరంతా ఒకేసారి జబ్బుపడదమ్మా. మీ ఇంట్లో కష్టం నాకు తెలుసు. కానీ ఒక్క మనిషి కోసం సగటును అనుమానించకూడదు" అన్నాడు.

కర్మకాండలు ముగిశాక యశోధర మూతపడ్డ ఒక పాత ప్రయోగశాల శీతలగది నుంచి తెలిసిన రక్తం సీసా సంపాదించింది. విడి రక్తదర్శిని ఒకదాన్ని బల్ల మీద పెట్టి, సమరేఖ సగటు కట్టే కాలనీ వర్గానికి కలిపి, అందులో ఒక చుక్క వేసింది. ఆ సీసాలోది చెడిపోయిన కిడ్నీల లక్షణాలున్న రక్తం. ఎరుపు రావాలి. పచ్చ వచ్చింది.

వెంటనే కుళాయి నీళ్లు కూడా పరీక్షించింది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి కాలనీకి పంపే గొట్టాల్లోంచి ఏదో లోహం కొద్దికొద్దిగా దిగుతోందని తేలింది. వేలమంది కిడ్నీలు మెల్లగా పాడవుతుంటే, ఆ పాడవడాన్నే సమరేఖ యంత్రాల పొరపాటుగా లెక్కవేసి తుడిచేస్తోంది.

ఆ సీసాతో ఆరోగ్య మండలికి వెళ్తే చాలు. ఆమె బయల్దేరింది కూడా. కానీ కేంద్రం మెట్లు దిగుతుంటే కింద తోటలో కోదండపాణి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం కనిపించింది. మండలి విచారణ వేస్తుంది, ఆయన విచారం ప్రకటిస్తాడు, పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చుంటాడు. అంతే కదా అనిపించింది. వెనక్కి తిరిగి తన బల్ల దగ్గరికి వెళ్లింది.

కోదండపాణి మోకాలి నొప్పికి రోజూ గట్టి మాత్రలు వేసుకుంటాడు. అవి కిడ్నీలను దెబ్బతీసే రకం. కొండ మీది నీళ్లు వేరు, అక్కడి సగటు మారలేదు. ఆ జనంలో ఉన్నంతకాలం ఆయన చుక్క పసుపుకి మారి సమయానికి హెచ్చరిస్తుంది. యశోధర ఆయన పేరును కొండ మీది వర్గంలోంచి తీసి కొత్తరేవు వర్గంలో చేర్చింది.

తర్వాత ఆమె చేసిందల్లా ఎదురుచూడటమే. దిద్దుబాటు చేయని అసలు విలువలు ఆమె తెరకు మాత్రమే అందుతాయి. ఆయన విలువ పెరుగుతున్నకొద్దీ ఆమెకు అన్నం సహిస్తోంది, నిద్ర పడుతోంది. ఆయన ముఖం ఉబ్బడం, బూట్లు మాని వదులు చెప్పులు వేసుకోవడం చూసింది. ఎదుటపడ్డప్పుడల్లా వినయంగా నమస్కారం పెట్టింది. తను మాత్రం నీళ్లు బయటినుంచి తెప్పించుకుంటోంది. నూకాలమ్మ అడిగితే, కడుపు బాగాలేదని చెప్పింది.

వానలు పడుతుండగా ఒక మధ్యాహ్నం కోదండపాణి ఆయాసపడుతూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"చుక్క పచ్చగానే ఉంది. కానీ నా ఒళ్లు నాకు తెలుస్తోంది. పాత పద్ధతిలో ఒక్కసారి చూడమ్మా. నిన్ను తప్ప ఇంకెవర్నీ నమ్మలేను" అన్నాడు.

యశోధర సూదితో రక్తం తీసింది. ముందు తెలిసిన రక్తాన్ని, తర్వాత ఆయన రక్తాన్ని, దిద్దుబాటు లేకుండా పరీక్షించింది. ఫలితం ఆయన ముందు పెట్టింది. కిడ్నీలు పూర్తిగా పోయాయి.

"మరి ఇది పచ్చగా ఎందుకుంది?" అన్నాడాయన.

"మీరు మా కాలనీ సగటులో ఉన్నారు సార్. వేసవి మొదట్లో నేనే చేర్చాను. సన్యాసిరావుకి రాని పసుపు మీకెందుకు రావాలి?"

ఇన్ని నెలలుగా ఆమె దాచుకున్న మాట అది. అనేశాక గుండె తేలికైంది. ఆయన కేకలు వేస్తాడనుకుంది. కానీ ఆయన ఆ కాగితాన్ని పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు: "అయితే అక్కడ అందరూ ఇలాగేనా?"

"అందరూ."

ఆ సాయంత్రమే కోదండపాణి సమరేఖను ఆపించేశాడు. తన తప్పును రక్తశుద్ధి యంత్రం పక్కనుంచే ప్రపంచానికి చెప్పాడు. యశోధర పేరు చెప్పి, దీన్ని కనిపెట్టింది ఆమే అన్నాడు. ఆమె తనకేం చేసిందో ఆయన చెప్పలేదు. కాలనీలో ఇంటింటా చుక్కలు పసుపుకీ ఎరుపుకీ మారాయి. జనం ఏడుస్తూనే యశోధర ఇంటికి వచ్చి చేతులు పట్టుకున్నారు.

నూకాలమ్మ మాత్రం వారం తర్వాత వచ్చింది. సంపూర్ణ ఆస్పత్రిలో ఉంది. వేసవిలోనే నీళ్లు మార్చి ఉంటే పిల్ల కోలుకునేదని డాక్టరు అన్నాడట.

"నువ్వు ఏసంగిలోనే బయటి నీళ్లు తెప్పించుకున్నావు. అప్పుడే తెలుసా నీకు?"

యశోధర అబద్ధం ఆడలేకపోయింది. సీసా సంగతి, కోదండపాణి సంగతి అంతా చెప్పింది. తన కిడ్నీ ఒకటి సంపూర్ణకు ఇస్తానంది.

"నీదీ ఆ నీళ్లు తాగిందే. ఏటి సేసుకోను?" అంది నూకాలమ్మ. గొంతు పెంచలేదు. "నీ మొగుడి పగ నువ్వు తీర్సుకున్నావు. నా పగ ఒకటే. రేపు ఆస్పత్రికొచ్చి, ఈ మాటలన్నీ నా కూతురికి నువ్వే సెప్పాలి. నాను సెప్పను."

మర్నాడు యశోధర వెళ్లింది. రక్తశుద్ధి యంత్రం గొట్టాల మధ్య సంపూర్ణ ఆమెను చూడగానే నవ్వి, మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"రా పిన్నీ, కూసో. నువ్వే గాని కనిపెట్టకపోతే మేమందరం పోయేవోళ్లం గదా" అంటూ ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

నూకాలమ్మ తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. యశోధర నోరు తెరిచేదాకా ఆమె అక్కణ్నించి కదిలేలా లేదు.